‘కాదు’ అనేవాణ్ణి వెతుక్కున్న యజమాని

కోయిలకుంట్ల నాపబండల వ్యాపారి ఓబుళప్ప గారు పన్నెండు రోజుల కిందట పరమపదించారు. కబురు తెచ్చిన మనిషిని నేను రెండుసార్లు అడిగాను. ముందురోజు సాయంత్రమే గని దగ్గర నాతో మాట్లాడి వెళ్ళిన మనిషి! అప్పటినుంచి ఈ నాలుగు మాటలు రాయాలని రోజూ కూర్చుంటున్నాను. కలం సాగడం లేదు.

నాలుగు గునపాలతో మొదలుపెట్టి, వందలమందికి పని కల్పించే సంస్థను నిలిపిన కార్యదక్షుడాయన. కర్నూలు రాజధాని అయిన రోజుల్లో ఎందరో గనులు తెరిచారు, ఎందరో మూశారు. ఆయన గని ఒక్కనాడూ ఆగలేదు. ఆ రహస్యమేమిటని అడిగేవారికి తెలిసినంతలో చెబుతాను. చెబితే నా పరువు కొంత పోతుంది. పోనివ్వండి.

ఆయన తండ్రి మా ఇంట్లో ఎద్దులు కాసేవాడు. మా ఇల్లు చితికిన తరువాత నేనే ఆయన దగ్గరికి ఉద్యోగానికి వెళ్ళాను. కోటు తొడుక్కొని వెళ్ళాను, కూర్చోమన్నా కూర్చోలేదు. బండలు లారీకెక్కించే చోట పని చూసుకోమన్నారు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ప్రతి బండనూ హమాలీ మద్దిలేటి సుత్తితో తట్టి చూస్తాడు. ఖంగుమంటే లారీకి, మొద్దుగా పలికితే పక్కకు. ఒకనాడు కర్నూలుకు వెంటనే పంపవలసిన సరుకులో సగం అతడు పక్కన పెట్టాడు.

“లోపల చీలిక ఉండాది చిన్నరెడ్డీ. దారిలోనే ఇరిగిపోతాయి.”

“ఎక్కించమన్నాను.”

“నా మాట ఇను రెడ్డీ...”

“ఇక్కడ చెప్పేది నేను, చేసేది నువ్వు.”

“సరే, నీ ఇష్టం రెడ్డీ.”

ఓర్వకల్లు గుట్టల దగ్గరి గతుకులకే ఆ బండలు విరిగాయి. లారీ డ్రైవరు తిరిగొచ్చి, “రెడ్డి పంపిన బండలు శానా మంచివప్పా! ఎక్కించేటప్పుడు యాభై, దించేటప్పుడు నూరు” అన్నాడు. గని అంతా నవ్వింది.

ఓబుళప్ప గారు నన్ను ఒక్క మాటా అనలేదు. కర్నూలు వెళ్ళి, తప్పు తమదేనని కొన్నవారికి చెప్పి వచ్చారు. మరునాడు అందరినీ పిలిచి, “మద్దిలేటి వద్దన్న బండ లారీ ఎక్కకూడదు. చిన్నరెడ్డి చెప్పినా సరే, నేను చెప్పినా సరే” అన్నారు. ఆ పూటే నేను రాజీనామా రాసిచ్చి ఇంటికి వచ్చేశాను. హమాలీ మాటకు తల ఊపే వంశం కాదు మాది.

మూడోనాడు ఆయన మా ఇంటికి వచ్చారు. పాత అలవాటు కొద్దీ గడప బయటే నిలబడ్డారు. నేనూ లోపలికి రమ్మనలేదు. ఆ తప్పు ఇక దిద్దుకోలేను.

“ఏమప్పా చిన్నరెడ్డీ, కోపం శానా ఉండాదా?”

“హమాలీ మాట నేను వినాలా?”

“మీ తాత బావి యాడ తవ్వమన్నా మా నాయన ‘నీ ఇష్టం రెడ్డీ’ అంటాండె. ఆ తావుల్లో నీళ్ళు పడవని మా నాయనకు తెలుసు. ఊరందరికీ తెలుసు. మీ తాతకొక్కడికే తెలీదు.”

“చెప్పి ఉండవచ్చు గదా!”

“చెప్పనిస్తే గదప్పా! బావి ఎనక బావి తవ్వించి చేన్లన్నీ అమ్ముకునె. కాదనేవాడు లేకుంటే నా గనీ అంతే. నువ్వు రా. మద్దిలేటి నీకు చెప్తాడు, నువ్వు నాకు చెప్పు.”

మా ఇల్లు ఎందుకు చితికిందో అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. కాలం కలిసిరాలేదనే అనుకుంటూ వచ్చాను. మరునాడు పనిలోకి వెళ్ళాను. ఆ తరువాత ఆయన మాటను ఎన్నోసార్లు కాదన్నాను. విన్నవీ ఉన్నాయి, విననివీ ఉన్నాయి; ముఖం మాడ్చుకున్నది మాత్రం ఒక్కసారీ లేదు. “ఇంగా ఏమన్నా ఉండాదా? ఇప్పుడే చెప్పు” అనేవారు.

ఇప్పుడు ఆయన కుమారులు నన్ను తండ్రి కుర్చీలో కూర్చోబెట్టారు. నిన్న ఒక లోడు సంగతి అడిగితే మద్దిలేటి తల వంచుకొని, “నీ ఇష్టం రెడ్డీ” అన్నాడు. సుత్తి కూడా ఎత్తలేదు. ఇన్నేళ్ళూ అతడు నన్ను కాదనగలిగింది నా మంచితనం చూసి కాదు, పైన ఓబుళప్ప గారు ఉన్నారన్న ధైర్యంతో. అలాంటి యజమాని మళ్ళీ దొరకడు. నేను ఆ మనిషిని కాలేను. వయసూ లేదు, ఓపికా లేదు. ఆయనకు నేను ఇవ్వగల నివాళి ఒక్కటే. మద్దిలేటి బండలు తట్టి తన మాట చెప్పేవరకు లారీ కదలకూడదన్నాను.

ఇది రాస్తున్న వేళకు లారీ అక్కడే ఉంది.