నంబర్లు వేసిన బండలు

కర్నూలులో మేము కట్టిన పన్నెండు గదుల్లో ఒక్క గోడకు కూడా సున్నం పట్టించలేదు. అది నా దూరదృష్టి అని తర్వాత కొందరు మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే, రాజధాని వచ్చిన ఆ ఏడాది ఊళ్లో సున్నం దొరకలేదు. దొరికిందంతా ప్రభుత్వ కట్టడాలకే పోయేది. బేతంచెర్ల వైపు నుంచి నాపబండలు మాత్రం కావలసినన్ని వచ్చేవి. మా వైపు పశువుల కొట్టాలకు బండల్ని నిలువుగా పాతి, సందుల్లో మట్టి కూరి గోడ చేస్తారు. మనుషుల గదులకు నేను అదే పద్ధతి వాడాను.

కొలతలు ఇప్పటికీ నోటికి వస్తాయి. గది వెడల్పు పది అడుగులు, లోతు పన్నెండు. ఒక్కో గదికి నిలువు బండలు పదిహేను, పైకప్పు బండలు పదిహేను, దూలాలు రెండు, తలుపు ఒకటి. పన్నెండు గదులూ ఒకే వరుస. చివరి గోడకు అదనంగా ఆరు బండలు. మొత్తం బండలు మూడు వందల అరవై ఆరు.

నేను మద్రాసులో ఓవర్సీరు చదువు ముగించి వచ్చిన కొత్త అది. కర్నూలులో ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయి. గుమాస్తాలు కూడా గుడారాల్లోనే వండుకుని తింటున్నారు. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లో ఆ ఏడు పత్తి బాగా పండింది. మా పెద్దనాయన, ఇద్దరు చిన్నాయనలు, మా బావ, ఈ నలుగురూ పత్తి అమ్మిన సొమ్ము ఒకచోట కలిపారు. దాన్ని కర్నూలులో పెట్టి పెంచే బాధ్యత నాకు అప్పగించారు. నాకు పాలు లేదు. ఉండడానికి ఒక గది, పిలవడానికి మేనేజరు అన్న పేరు ఇచ్చారు. కర్నూలులో ఉండేవాణ్ణి కాబట్టి కాగితాలు మాత్రం నా పేరునే రాయించారు.

నలుగురి సొమ్మూ కలిపినా సగం పనికే సరిపోయింది. మిగతా సగం మా మేనత్త పెట్టింది. ఆమెకు భర్త పోయాడు, పిల్లలు లేరు. పైచేను, దిగువచేను అని రెండు నల్లరేగడి చేలు మాత్రం ఉండేవి. రెంటినీ ముద్దతు క్రయానికి రాసిచ్చింది. అంటే ఐదేళ్లలోపు సొమ్ము తిరిగి కడితే చేలు ఆమెవే. గడువు దాటితే కొన్నవాడివి. వేలిముద్ర వేసే ముందు నన్ను ఒక్కటే అడిగింది.

"అల్లుడా, రేపు గాలికో వానకో ఈ గదులు కదలవు గదా?"

"రాతి గదులు యాడన్నా కదుల్తాయా అత్తా?" అన్నాను.

మూడేళ్లు నన్ను మించిన మేనేజరు జిల్లాలో లేడు. పైకప్పు పడకముందే గదులు నిండిపోయాయి. ఏడో గదిలో కోస్తా నుంచి వచ్చిన టైపిస్టు ఒకాయన ఉండేవాడు. ప్రతి వేసవిలోనూ నన్ను ఆపి చెప్పేవాడు. "ఓవర్సీరుగారండీ, మీ గదిలో ఓ సుఖం ఉందండీ. బియ్యం కడిగి నేల మీద పెడితే చాలు, పొయ్యితో పని లేకుండా ఉడికిపోతాయండీ." అయినా బాడుగ మాత్రం ఒకటో తేదీనే ఇచ్చేవాడు. పెద్దనాయన నెలకోసారి బస్సు దిగి, వరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ప్రతి తలుపూ చేత్తో తట్టి పోయేవాడు. పెళ్లిళ్లలో నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

తర్వాత రాజధాని హైదరాబాదు పోతుందని తేలింది. మొదట ఎవరూ నమ్మలేదు. ఇన్ని ఆఫీసులు, ఇన్ని బీరువాలు ఎట్లా కదులుతాయని మా వాళ్ల ధైర్యం. బీరువాలే ముందు కదిలాయి. టైపిస్టు చాప చుట్టుకుని వచ్చి చెప్పాడు. "ఫైళ్లు ముందు వెళ్లాయండీ, మేం వాటి వెనకాల. మీ గది మాత్రం బాగా గుర్తుంటుందండీ. ఒళ్లంతా చెమటకాయలే." రెండు నెలల్లో తొమ్మిది గదులు ఖాళీ అయ్యాయి.

ఒక వేరుశనగల షావుకారు ఆవరణ మొత్తం తనకు ఇమ్మన్నాడు. గోదాము చేసుకుంటాడట. ఆయన చెప్పిన ధర నా పుస్తకంలో రాసుకుని రెండుగా చేశాను. అత్త సగంతో ఆమె చేలల్లో ఒక్కటి కూడా వెనక్కి రాదు. గడువు ఇంకా రెండేళ్లుంది. నాకు అంతకంటే వేరే లెక్క అక్కరలేకపోయింది.

నలుగురూ బస్సులో దిగారు. అత్త కూడా వచ్చింది. బావి గట్టు మీద కూర్చున్నారు.

"ఏమప్పా మేనేజరూ, మీ రాజధాని యాడికి పాయె?" అన్నాడు పెద్దనాయన.

"నన్నడుగు మామా, నేను చెప్తా," అన్నాడు బావ. "పొద్దున బస్సెక్కి హైదరాబాదు పాయె. కడా నెల బాడుగ కూడా ఇయ్యకుండా పాయె."

"నవ్వొద్దురా. ఇంగ ఈ గదులు పెట్టుకోని ఏం జేస్తాం? గబ్బిలాలకు బాడుగకిస్తామా? షావుకారు మళ్లా రాడు. సంతకం పెట్టు."

"పెట్టను పెద్దనాయనా."

"పెట్టవా? నీ దుడ్డేముండాది దీంట్లో? మేనేజరు మేనేజరు అంటాంటే శానా ఎత్తుకు పోతాండావే!"

"నాది అణా లేదు. సగం అత్తది ఉండాది. అందుకే పెట్టను."

పెద్దనాయన తన చెల్లెలి వైపు తిరిగాడు. "ఏం మే, నువ్వేమంటావు? మీ అల్లుడు చెప్పినట్ల వింటావా, మేం చెప్పినట్ల వింటావా?"

అత్త కొంగు సర్దుకుంది. "నా చేండ్లు రాపిచ్చింది వాడు. ముంచితే వాడే ముంచల్ల, తేల్చితే వాడే తేల్చల్ల. మధ్యలో మీరు ముంచేదానికి నేనొప్పుకోను."

ఆ మాటతో నాకు నడుం నిటారైంది. మా ఇళ్లల్లో అన్నదమ్ములు విడిపోయేటప్పుడు ఒక పద్ధతుంది. భాగాలు ఒకడు వేస్తాడు, ముందు కోరుకునేది అవతలివాడు. ఎక్కువ తక్కువలు వేస్తే వేసినవాడికే నష్టం. ఆ పద్ధతిని కాదన్నవాడికి ఊళ్లో మాట దక్కదు.

"ఐతే పాలు పంచుకుందాం," అన్నాను. "భాగాలు నేనేస్తా. ముందు మీరే కోరుకోండి. ఒక గంట టైమియ్యండి."

"ఆరూ ఆరూ అనేదానికి గంటెందుకప్పా?" అన్నాడు బావ. "మద్రాసులో మూడేండ్లు చదివినావే, ఆరు దాకా లెక్క చెప్పలేదా?"

గంట తర్వాత పుస్తకం తెచ్చి చదివాను. మొదటి భాగం: స్థలం, బావి. రెండో భాగం: భూమి మీద నిలబడినదంతా. నిలువు బండలు నూట ఎనభై ఆరు, పైకప్పు బండలు నూట ఎనభై, దూలాలు ఇరవై నాలుగు, తలుపులు పన్నెండు.

పెద్దనాయన నెమ్మదిగా అడిగాడు. "బండలు నీకొస్తే ఏం జేస్తావు?"

దాచలేదు. కాలువ పనుల క్యాంపులో ఇంజనీర్లు, గుమాస్తాలు తేళ్ల మధ్య గుడారాల్లో ఉన్నారని, మా పాత బాడుగదారు ఒకాయన అక్కడికి బదిలీ అయి ఉత్తరం రాశాడని, నేను పోయి చూసి వచ్చానని చెప్పాను. గదులు విప్పి అక్కడ మళ్లీ నిలబెడతానన్నాను.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "కట్టిన ఇల్లు ఇప్పేది, బండ్లకెత్తేది, మళ్లా కట్టేది! ఇదేమన్నా గొర్రెల మందనా అప్పా, మేత యాడుంటే ఆడికి తోలేదానికి?"

"అట్లనే అనుకో బావా. మేత పోయినచోట మందను నిలబెట్టి ఏడ్చేదానికంటే మేలు."

పెద్దనాయన బావిలో బొక్కెన వేశాడు. నీళ్లు తోడి దోసిలితో తాగాడు. ఆయన తన జీవితంలో నాలుగు బావులు తవ్వించాడు. నాలుగింటిలోనూ అడుగున రాయే పడింది. ఆ మనిషి నీళ్లున్న బావిని వదిలి బండలు కోరుకుంటాడని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వాళ్లు బండలే కోరుకుంటే స్థలం అమ్మి అత్తకు ఎంతో కొంత ఇచ్చేవాణ్ణి. అయినా నా మనసు బండల మీదే ఉంది. అది ఒప్పుకోవాలి.

"బావి మాది," అన్నాడు పెద్దనాయన మూతి తుడుచుకుంటూ.

"రాళ్లు నువ్వు తీస్కో అప్పా," అన్నాడు బావ. "మూడు నూర్ల అరవై ఆరు. దినానికొకటి నెత్తిన పెట్టుకో. ఈ ఏడు లీపు సంవత్సరమే, సరిగ్గా సరిపోతాయి."

ఖాళీ చేయడానికి రెండు నెలల గడువు ఇచ్చారు. ముందు మిగిలిన ఇద్దరు బాడుగదారులకు వేరేచోట గదులు చూసిపెట్టాను. తర్వాత ఒక డబ్బా తారు, రెండు కుంచెలు కొన్నాను. ప్రతి బండ మీదా గది నంబరు, గోడ పేరు, ఆ గోడలో దాని వరుస రాశాను. ఏడో గది వెనక గోడలో మూడో బండ అంటే "7 వె 3". పైకప్పుకు "పై". పుస్తకంలో బండకొక గీత. ముసలి బేల్దారి ఒకాయన పనికి వచ్చాడు. నాలుగో దినం అన్నాడు. "అయ్యా, యాభై ఏండ్లుగా గోడలు కడ్తాండా. గోడకు హాజరు పిలిచేటోణ్ణి నిన్నే చూస్తాండా." ఆ తర్వాత ఆయనే ఒక్కో బండ దింపుతూ దాని నంబరు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. చదువు రాకపోయినా అంకెలు వచ్చు. అక్షరాలు నేను నేర్పాను.

బండ్లకు కష్టపడతానేమో అనుకున్నాను. రాజధాని సామాను రైలెక్కాక ఊళ్లో బండ్లవాళ్లకు పని లేకుండా పోయింది. మామూలు కూలిలో సగానికే ఒప్పుకున్నారు. మా గదుల్ని ఖాళీ చేసిన దెబ్బే మాకు బండ్లను చౌక చేసింది. అరవై రెండు బండ్ల సరుకు, రెండు పగళ్ల దారి. దింపేటప్పుడు, దారిలో కలిపి ఇరవై ఒక్క బండలు పగిలాయి. పగిలిన ప్రతిదాని మీదా పుస్తకంలో అడ్డగీత కొట్టాను. గీత కొట్టిన ప్రతిసారీ అత్త చేను మూల కొంచెం కోసేసినట్టు అనిపించేది.

క్యాంపు పక్కన ఒక రైతు బీడులో పదకొండు గదులు నిలబెట్టాం. స్థలానికి బాడుగ బదులు ఒక గది ఆ రైతుకే ఇచ్చాం. మిగతా పదీ మొదటి వారంలోనే నిండాయి. ఈసారి పైకప్పు మీద మట్టి మందం పెంచాను. టైపిస్టు నా చదువుకు చేసిన ఉపకారం అది.

ఆ ఏడు ఊళ్లో ఒక పెళ్లికి పోతే నన్నెవరూ పక్కన కూర్చోబెట్టుకోలేదు. "ముండమోసిన ఆడదాన్ని రాళ్ల మీద కూర్చోబెట్టినాడు," అని ఒక చిన్నాయన నాకు వినపడేటట్టే అన్నాడు. నేను లేచి ఆయన ఎదురుగానే పోయి కూర్చుని భోజనం చేశాను. రెండోసారి పప్పు కూడా అడిగి వేయించుకున్నాను. వాళ్ల స్థలాన్ని చివరికి షావుకారే కొన్నాడు. ఎంతకో నేను అడగలేదు. బావిని మాత్రం పూడ్చలేదట, పెద్దనాయన ఇప్పటికీ కర్నూలు పోతే అక్కడ ఆగి నీళ్లు తాగి వస్తాడు.

ముద్దతు ముగిసే ముందు నెలలో అత్త క్యాంపుకు వచ్చింది. అప్పటికి బాడుగలతో దిగువచేను విడిపించాం. పైచేను మిగిలింది. కాలువ పని ఇంకొక ఏడాదికి మించి లేదు. ఒక కాంట్రాక్టరు గదులన్నీ కొంటానని వచ్చాడు. ఆయన ధరతో పైచేను వస్తుంది, ఏమీ మిగలదు. ఈసారి అమ్మమని నేనే చెప్పాను. ఆమె దగ్గర తీసుకున్నవి రెండు చేలు. రెండూ తిరిగి ఇస్తే నా పని అయిపోతుంది.

అత్త వరుస వెంట నడిచింది. పెద్దనాయన లాగా తలుపులు తట్టలేదు. బండల మీద వెలిసిన తారు అంకెల్ని వేలితో తడుముతూ పోయింది.

"ఇవన్నీ నువ్వే రాసినావా?"

"నేనే."

"పైచేన్లో వానొస్తేనే పంట. ఐదేండ్లలో ఎన్నిసార్లు పండింది?"

"రెండుసార్లు అత్తా."

"ఈటికి వానతో పని ల్యా. అమ్మొద్దు."

"గడువు దాటితే పైచేను పోతాది. మళ్లా రాదు."

"తెలుసప్పా. వేలిముద్ర ఏసింది నేనే గదా." ఆమె నా వైపు తిరిగింది. "అమ్మేదానికి నీకు నోరెట్లొచ్చె? ఆ పొద్దు నలుగురు మొగోళ్ల ముందర పెట్టనంటివే. నా ఒక్కదాని ముందర బెదిరిపోతివా?"

గదులు అమ్మడం లేదని కాంట్రాక్టరుకు అదే సాయంత్రం కబురు పంపాను. పైచేను గడువు తీరే దినానికి ఇద్దరం ఊరు చేరాం. అత్త దిగువచేనుకు పోయి పొద్దుగూకే దాకా గడ్డి పీకి వచ్చింది. మరునాడు చద్ది తింటూ అడిగింది.

"కాలువోళ్లు లేచిపోతే మనం యాడికి పోతాం?"

"రాయచోటి పక్క ఏదో పని మొదలైతాదంటాండారు. పోయి చూసి రావల్ల."

"పోయి చూడు. ఈ తూరి ఎన్ని బండ్లు కావల్ల?"

నేను పుస్తకం తెరిచి లెక్క మొదలుపెట్టాను.