మల్లయ్య చెప్పిన ఐబు

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, అది మాత్రం కిందికీ పోదు, పైకీ రాదు. ఇవాళ కక్కేస్తున్నాను. మీరు నన్ను క్షమించాలని కాదు. మన్నింపే కావాలంటే ఎప్పుడో ఏడ్చుకుంటూ వచ్చేదాన్ని. నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. అది ఎక్కువగా నా మీదే వస్తుంది గానీ, చేతికందిన వాళ్ల మీద తీర్చుకుంటాను.

కేతేపల్లిలో నాకు బట్టలు కుట్టే కొట్టుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఒక పేరు కూడా ఉంది. విత్తనాలు మొలవకపోయినా, కొన్న నెలకే ఫ్రిజ్ మూలపడినా, జనం ముందు నా దగ్గరికే వస్తారు. రశీదు ఉందా అని అడుగుతాను. ఫిర్యాదు ఎలా రాయాలో, వినియోగదారుల కమిషన్‌లో ఎలా నిలబడాలో చెబుతాను. చాయ్ కూడా నేనే పోస్తాను. నా పేరు ఎవరికీ అక్కర్లేదు, "కారు కేసు గెలిచిన అక్క" అంటే చాలు, ఇల్లు చూపిస్తారు.

ఆ కారు సంగతే చెప్పాలి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అప్పటికి మా వాడకట్టులో కారు నడిపే ఆడమనిషి లేదు. మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, "స్టీరింగ్ పట్టుడంటె సూదిల దారం ఎక్కిచ్చుడనుకున్నవా వదినా?" అని నలుగురిలో నవ్వాడు. అందరూ నవ్వారు. బట్టల మూటలు తెచ్చుకోవడానికి బండి కావాలని అప్పట్లో ఊరంతా చెప్పుకున్నాను. అదేం కాదు. ఆ నవ్వు మూయించడానికే కారు కొన్నాను.

కొన్నది మల్లయ్య దగ్గర. హుజూర్‌నగర్ పోయే దారిలో పాత కార్లు అమ్మేవాడు. గొర్లూ ఎద్దులూ మేపిన కుటుంబం. కార్ల వ్యాపారంలోకి వచ్చాక కూడా పశువుల అంగడి మానలేదు. అక్కడ బేరం తెగకపోతే ఆయన్నే పిలిచేవారట. ఈ ఎద్దు మంచిదని మల్లయ్య అన్నాడంటే, ఇక కొనేవాడు దాని నోరు తెరిచి పళ్లు చూసేవాడు కాదట.

ఒక తెల్ల కారు నచ్చి, బయానా, అంటే అడ్వాన్సు, ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు.

"ఆగు చెల్లె. మా అంగట్ల ఐబు చెప్పినంకనే బయానా పడతం. గీ బండికి వేడెక్కే ఐబుంది. ఊర్లల్ల తిప్పుకో, సూర్యాపేట పోయిరా, ఏం గాదు. గుట్ట మాత్రం ఎక్కియ్యకు. ఎక్కిస్తె ఇంజను పోతది. ఇష్టమైతె తీస్కో, లేకుంటె లేదు."

ఐబు అంటే లోపం. రెండు చెవులతో విన్నాను. విని ఊరుకున్నానా? ఆ లోపాన్నే పట్టుకుని ధర ఇంకా దించమన్నాను. దించాడు. బండి కాగితాల మీద సంతకాలయ్యాయి గానీ ఈ ముక్క ఎవరం రాసుకోలేదు. ఎద్దు ఐబు ఎవరు రాసుకుంటారు? అమ్మేవాడు చెబుతాడు, కొనేవాడు వింటాడు, అంతే. ఆయనకు అంతకు మించి తోచలేదు. అప్పటికి నాకూ తోచలేదు, నమ్మితే నమ్మండి.

కొన్నాళ్లకు మరిది కొడుకు పుట్టువెంట్రుకలు శ్రీశైలంలో తీయిద్దామన్నారు. "నీ కారు ఘాట్ ఎక్కుతదా వదినా?" అన్నాడు మరిది, అదే నవ్వుతో. "ఎందుకెక్కదు?" అన్నాను. అంటుండగానే మల్లయ్య మాట గుర్తొచ్చింది. రాదా మరి? వచ్చినా తోసేశాను. అమ్రాబాద్ అడవిలోకి ఎక్కే ఘాట్ రోడ్డు మీద, సగం ఎక్కామో లేదో, బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. బండి ఆగింది. మళ్లీ కదల్లేదు. పిల్లాడు ఏడుపు, చుట్టూ కోతులు, రోడ్డు మీద మా ఇంటిల్లిపాదీ. మరిది నడుం మీద చేతులు పెట్టుకుని కారు చుట్టూ తిరిగాడు.

"దొంగ బండి అంటగట్టిన్రు నీకు. ఏమన్న అడిగి కొన్నవా?"

అమ్మినాయన చెప్పాడు, నేనే మొండిగా ఎక్కించాను అనొచ్చు. ఎంతసేపు పడుతుంది ఆ మాటకు? కానీ ఆ మొహం ముందు, ఆ నడుం మీద చేతుల ముందు, నాకు నోరు రాలేదు. "వాడు దాచిండు" అన్నాను. అక్కడితో పోతుందనుకున్నాను. పోలేదు. మా ఆయనకు నా తరఫున రోషం వచ్చింది. ఆయన రోషం నిజమైనది, అందుకే దానికి ఎదురు చెప్పలేకపోయాను. కేసు వేద్దామన్నాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కదా. సరే అన్నాను.

కమిషన్‌లో, అప్పట్లో దాన్ని ఫోరం అనేవారు, మల్లయ్య వకీలును పెట్టుకోలేదు. చెప్పి అమ్మినోనికి వకీలెందుకు అనుకున్నాడేమో. బండికి ఈ లోపం ఉందని నీకు ముందే తెలుసా అని అడిగారు. తెలియదు అని ఉంటే గట్టెక్కేవాడేమో.

"తెలుసు సార్. చెప్పే అమ్మిన."

"రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

ఆయన నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. అంగట్లో పక్కనున్న మనిషిని సాక్ష్యం అడిగినట్టు అడిగాడు.

"చెల్లె, నేను చెప్పిన్నా లేదా? నువ్వే చెప్పు."

తనకు సాక్షిని నేనే అనుకున్నాడు, పిచ్చి మనిషి.

"చెప్పలేదు" అన్నాను.

కాసేపు నన్నే చూసి, "గంతేనా" అన్నాడు. కమిషన్‌ను తప్పు పట్టను, వాళ్ల ముందు ఉన్నదాన్ని బట్టి తీర్పు చెప్పారు. నేను గెలిచాను. ఇంట్లో యాటపోతును కోశారు. మరిదే ముందు నిలబడి నన్ను మెచ్చుకున్నాడు.

ఆ తీర్పుతో కార్ల కొట్టు మూతపడ్డాక మల్లయ్య మళ్లీ గొర్లూ ఎద్దులూ మేపుకోవడానికి పోయాడు. దానికి నేను అంత బాధపడలేదు, బతుకుతెరువులు మారుతుంటాయి. కానీ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకామె ఓ రోజు మాటల్లో చెప్పింది. అంగట్లో ఇప్పుడు ఆయన్ని బేరాలకు పిలవడం లేదట. తన సొంత ఎద్దు ఐబు చెప్పబోతే, "కారుదే దాచినోడు ఎద్దుది చెప్తడా?" అని నవ్వారట. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. కుట్టు వంకర కూడా పోలేదు. నాలాంటి దాన్ని ఏమనాలి?

అలాగని నన్ను మెడ వంచుకుని కూర్చోమంటే కూర్చోను. ఆ గెలుపు ఇచ్చిన ధైర్యంతోనే, నిజంగా మోసపోయిన వాళ్ల పక్కన నిలబడ్డాను. వాళ్ల ఫిర్యాదులు అబద్ధాలు కావు, వాళ్లకు దక్కింది నేను వెనక్కి ఇవ్వను. లోపం దాచి బండి అంటగడితే కేసు వేయండి, ఇవాళ కూడా అదే చెబుతాను. ఆ మేలుతో ఈ తప్పు చెల్లిపోతుందని కొన్నాళ్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. చెల్లలేదు. మేలు జరిగింది వేరే వాళ్లకు. మల్లయ్యకు ఏం జరిగింది?

మొన్న ఒక నడివయసు మనిషి పాత కారు ఫిర్యాదు పట్టుకొచ్చాడు. అమ్మినాయన బ్రేకుల సంగతి ముందే చెప్పాడట. "నోటితోని చెప్పిండక్కా, కాగితం లేదు గద. చెప్పలేదంటె మనమే గెలుస్తం గద?" అన్నాడు, చాయ్ తాగుతూ, ఏ సంకోచమూ లేకుండా. వాడకట్టంతా వినేలా అరిచాను. "లే! నడువు బయటికి!" ఆయన బిత్తరపోయాడు. "నేనేమన్న అక్కా?" అన్నాడు. ఏమన్నాడని? నేను చేసిందే చేస్తానన్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. కింద పేరు పెట్టడం లేదు. మల్లయ్య పేరు రాశాక నా పేరుతో పనేముంది? ఆయన మీద కారు కేసు గెలిచింది నేనొక్కదాన్నే. మరిది చదువుతాడు, చదవనీ. మా ఆయన చదువుతాడు. అది కష్టమే, ఆయన రోషాన్ని కూడా నేను మోసం చేశాను. ఇక నా కొట్టుకు ఎవరూ రాకపోతే రాకపోనీ. ఒంట్లో ఏదో తేలికగా ఉంది, సిగ్గు మాత్రం అలాగే ఉంది.

మీరెప్పుడైనా మా వైపు అంగడికి పోతే, మల్లయ్య ఎక్కడున్నాడో అడిగి పోండి. ఆయన తన ఎద్దుకు ఐబు ఉందంటే, ఉన్నట్టే. లేదంటే, లేనట్టే. ఇంకెవర్నీ అడక్కండి. బయానా ఇచ్చేయండి.