అత్త పియానోకు శ్రుతి పెట్టిన రోజులు

ఆ రోజుల్లో మా అత్తకు చేతకాని పని ఒకటి ఉంటుందంటే నేను నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు నా పాపకు ఒళ్లు కాస్త వెచ్చబడితే, ముగ్గురిని అడిగితే గాని చెంచాడు మందు పట్టలేను. (బి.ఎ. చదివి ఏం లాభం!) అత్త, అంటే నాన్నకు అక్క, బిట్రగుంట బళ్లో టీచరు. పని కనిపిస్తే ఎవరినీ అడిగేది కాదు.

దేశం వదిలి వెళ్తూ ఒక దొరల కుటుంబం తమ పియానోను మా చర్చికి ఇచ్చిపోయింది. ఉప్పుగాలికి తీగలు పాడై, ఏ కీర్తన వాయించినా అది జలుబు చేసిన గొంతుతో పలికేది. మద్రాసు నుంచి మనిషిని పిలిపించే స్తోమత మాకు లేదు. "టీచరమ్మా, క్రిస్మస్ ఆరాధనకు సరిగ్గా పలికితే ఉంచుదాం. లేదంటే వడ్రంగి అడుగుతుండాడు, బీరువా చేసుకుంటాడంట," అన్నారు పాస్టరు అయ్యగారు. ఆ సాయంత్రమే అత్త, రైల్వే లోకోషెడ్డులో పనిచేసే నాన్న చేత తీగలు బిగించే తాళంచెవి చేయించింది.

మొదటి స్వరానికి ఆధారం చర్చి హార్మోనియం. దాని సా నొక్కిపట్టి తిత్తి ఊపడం నా ఉద్యోగం. "ఏమ్మే, నిద్రపోతుండావా? ఊపు!" మాకు తెలిసిన శ్రుతి ఒక్కటే: సాకు పా అతికినట్టు కలవాలి. అత్త అలాగే కలిపింది. ఆ పాను సా అనుకుని దానికో పా, మళ్లీ దానికో పా... ఇలా పన్నెండు స్వరాలూ చుట్టి వస్తే మొదటి సా దగ్గరికే చేరాలి. ప్రతి జతా తేనె. చివరి జత మాత్రం రెండు పిల్లులు పోట్లాడుకున్నట్టు అరిచింది! మళ్లీ మొదటినుంచి చేసింది. మళ్లీ పిల్లులే. చుట్టి వచ్చేసరికి స్వరం మొదటి సా కంటే కాస్త పైకి పోయేది. నేను సరిగ్గా ఊపలేదంది, తాళంచెవి వంకరంది. "ఉండనీలే అక్కా, చర్చిలో ఎలుకలన్నా పోతాయి," అన్నాడు నాన్న.

క్రిస్మస్ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం చెప్పకుండా చుట్టాలు దిగారు. చేపల పులుసు చాలదని అమ్మ కంగారు. "ఒక్కరికే తగ్గిస్తే అలుగుతారు మరదలా, అందరికీ కాస్త కాస్త తగ్గించు, ఎవురికీ తెలీదు," అన్న అత్త, గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. "అదేమ్మే! ఆ తేడా అంతా ఒక్క జత నెత్తినే ఎందుకు పెట్టాల? అందరికీ పంచేస్తే పోలా!"

చుట్టాలు తింటుండగానే నన్ను చర్చికి లాక్కుపోయింది. ప్రతి పానూ వెంట్రుకవాసి తగ్గించింది. ఎంత తగ్గించాలో చెప్పింది ఆమె చెవే. (అలాంటి చెవి నేను మళ్లీ చూడలేదు.) పిల్లులు వెళ్లిపోయాయి.

పండుగనాడు చర్చంతా గొంతెత్తి పాడింది. అయ్యగారు పియానోను ఆప్యాయంగా తట్టి, "ఇక దీన్ని ఎవరికీ ఇచ్చేది లేదు. ఇంతకీ ఏ స్వరం చెడిపోయిండె టీచరమ్మా?" అన్నారు.

"ఇప్పుడు అన్నీ చెడిపోయే ఉండాయి అయ్యగారూ, సమానంగా!" అంది అత్త, నవ్వుతూ.

ఆ మాట విని మళ్లీ వడ్రంగిని పిలుస్తారేమోనని, అత్త నోరు మూయించడానికి వెనకనుంచి ఆమె కొంగు గుంజుతూ నిలబడిన ఆ రెండు జడల పిల్లను తలచుకుంటే, ఇప్పటికీ జాలీ నవ్వూ కలిసే వస్తాయి.