అట్లాసులో నా బాణం

నిన్న అటక మీది పాత అట్లాసు తెరవగానే సింగపూర్ క్లెమెంటిలో మా ఫ్లాట్ గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. చాంగీలో ప్రోగ్రామర్‌గా ఉన్న నాన్న, సింగపూర్‌లోనే స్థిరపడడానికి పీఆర్‌కు అప్లై చేసి, రోజూ ఉత్తరాల డబ్బా తెరిచి చూసేవాడు.

మా ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకుండే చరిత్ర విద్యార్థి, నెల్లూరు అంకుల్, ఒకరోజు ఈ అట్లాసులోనే జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఇంగ్లండుకు పెన్సిలుతో బాణాలు గీశాడు.

"పదిహేను వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషోళ్ళ పెద్దోళ్ళు చానామంది ఈడనుంచి పడవలెక్కి పోయినోళ్ళే పాపా."

ఇంగ్లీషువాళ్ళు కూడా ఎక్కడినుంచో వచ్చినవాళ్ళేనా?

"మరి వాళ్ళకి పీఆర్ ఎవరిచ్చారు అంకుల్?"

అంకుల్ పగలబడి నవ్వాడు. నాన్న నవ్వలేదు. "వాళ్ళు అప్లై చెయ్యలేదు తల్లీ," అన్నాడు.

నాకు ధైర్యం వచ్చింది. ఒంగోలు నుంచి సింగపూర్‌కు నేనూ ఒక బాణం గీశాను.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ఆ వేసవిలో ఒంగోలు వచ్చేశాం. సెలవులకనే అనుకున్నాను; మళ్ళీ సింగపూర్ వెళ్ళనే లేదు.

నిన్న ఆ పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నా పెన్సిలు బాణానికి ఒంగోలు వైపు కూడా ఒక మొన ఉంది, నీలం ఇంకుతో. మా ఇంట్లో నీలం పెన్ను నాన్న జేబులో మాత్రమే ఉండేది.