అమ్మ ఒంట్లో మిగలని వెలుగు

అక్క పురుటికి సూరత్ వచ్చేసరికే అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిపోయి, కోబాల్టు మిషన్ కింద చికిత్స మొదలైంది. ఆసుపత్రిలో దాన్ని ‘షేక్’ అనేవాళ్లు, అంటే గుజరాతీలో కాపడం. తెలుగు నేతవాళ్లుండే మా పాండేసర గల్లీలో మాత్రం ‘కరెంటు పెడుతుండ్రంట’ అనుకునేవాళ్లు. తొంభైల నడిమి సంవత్సరాలవి. నాన్న సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నేతపనికి పోయేవాడు కాబట్టి అమ్మను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోవడం నా వంతు. ఫిజిక్స్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను అప్పుడు.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. పిల్లను ఇంటికి తెచ్చిన రోజు అమ్మ గబుక్కున లేచి అవతలి గోడకు ఆనుకుంది.

“నా తానికి తేకుండ్రి. ఆడనే ఉంచుండ్రి” అంది.

ఉన్నది ఒక్కటే గది. అమ్మ తన చాప వసారాలో వేసుకుంది. తన కంచం తనే కడుక్కునేది. పిల్ల ఏడిస్తే అక్కడినుంచే “జర భుజాన ఏసుకోరాదే” అని చెప్పేదే తప్ప గడప దాటి లోపలికి వచ్చేది కాదు. అక్క రెండుమూడు రోజులు ఓర్చుకుని, ఓ మధ్యాహ్నం ఏడ్చేసింది.

“ఆడపిల్లనే కదా అని మొఖం తిప్పుకున్నవా అమ్మా?”

అమ్మ బిత్తరపోయింది. “అయ్యో, గదేం మాట బిడ్డా! ఆ మిషన్ కింద నన్నొక్కదాన్నే పండబెట్టి అందరు బయటికి ఉరుకుతరు. తలుపు చూస్తే గోడంత మందం ఉంటది. రోజు ఒంట్లకు పోయేది ఊకనే పోతదా? సంటిపిల్లకు తగిలితే ఎట్ల?”

అట్లాంటిదేం కాదన్నాను నేను. కానీ ఎందుకు కాదో అడిగితే చెప్పలేకపోయాను. ఆటోలో రోజూ అమ్మను పట్టుకుని కూర్చునేదాన్ని నేనే. ఇంటికొచ్చి పిల్లనెత్తుకునేదీ నేనే. ఆ రోజు నుంచి నాకూ భయం పట్టుకుంది. పిల్లను తాకే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేదాన్ని.

ఆ వారమే కాలేజీలో మా మేడమ్ ప్రకృతిలోని బలాల గురించి పాఠం చెప్పింది. మొత్తం నాలుగు బలాలు. రెండు కణాలు తోసుకున్నా లాక్కున్నా వాటి నడుమ మరో కణం చేతులు మారుతుంది. విద్యుదయస్కాంత బలానికి ఆ కణం ఫోటాన్, అంటే వెలుగే. కేంద్రకాన్ని విడిపోకుండా పట్టి ఉంచే ప్రబల బలం గ్లూఆన్ల వల్ల పనిచేస్తుంది. గురుత్వాకర్షణకు కూడా ఓ కణం ఉందంటారు గానీ అది ఇంకా ఎవరికీ దొరకలేదు. నాలుగోది దుర్బల బలం. దాని కణాలు డబ్ల్యూ, జెడ్. కేంద్రకంలో న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఒక పరమాణువు ఇంకో పరమాణువైపోవడం ఈ బలం వల్లే. “ఉదాహరణకు కోబాల్టు నికెల్‌గా మారుతుంది” అందామె. నా పెన్ను ఆగిపోయింది.

క్లాసు అయ్యాక వరండాలో ఆమెను ఆపాను. గుజరాతీ ఆమె, నాతో హిందీలో మాట్లాడేది. కోబాల్టు కిరణాలు మనిషి ఒంట్లో మిగులుతాయా అన్న నా ప్రశ్న విని, “ఇది పరీక్ష కోసమా, ఇంటి కోసమా?” అని అడిగింది. ఇంటి కోసమే అని, అమ్మ సంగతీ పిల్ల సంగతీ చెప్పాను. ఆమె సంచీ కిటికీ గట్టు మీద పెట్టి నిలబడింది.

“దుర్బల బలం పనంతా మిషన్ లోపలే అయిపోతుంది. కోబాల్టు అక్కడే ఉండిపోతుంది. మీ అమ్మను తాకేది దాన్నుంచి వచ్చే గామా కిరణం, అంటే బలమైన ఫోటాన్లు. అవి ఒంట్లోని ఎలక్ట్రాన్లను కొట్టి, శక్తి ఇచ్చేసి అక్కడితో అయిపోతాయి, లేదా దాటి పోతాయి. ఒళ్లు రేడియోధార్మికం కావాలంటే కేంద్రకాలే మారాలి. ఈ కిరణాలకు అంత శక్తి లేదు. మిషన్ మూశాక ఆమెలో ఏమీ మిగలదు. పిల్లను ఇవ్వండి.”

ఆ ఆఖరి మాట వినగానే ఆమెకు దండం పెట్టి బయల్దేరాను.

ఇంటికి పోయి అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పాను. “అది వెలుగే అమ్మా, కండ్లకు కానరాదు గంతే. టార్చి ఆర్పినంక గదిల వెలుగు ఉంటదా?”

అమ్మ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. “మరి వాళ్లెందుకు ఉరుకుతరు?”

“మిషన్ తెరిచినంతసేపు ఆ వెలుగు గదంతా పడ్తది. నీకు మందది, వాళ్లకేం పని? పైగా పొద్దంత ఎందరికో పెడ్తరు, అన్నిసార్లు వాళ్ల మీద పడొద్దు గద. మూసినంక నిన్ను బల్ల మీదికెళ్లి ఎవరు లేపుతరు?”

“నర్సమ్మ. చెయ్యి పట్టి లేపుతది.”

“భయపడుతదా?”

అమ్మ ఆలోచించింది. “లేదు. ముచ్చట పెట్టుకుంటనే లేపుతది” అంది నెమ్మదిగా. తర్వాత గడప దాటి లోపలికొచ్చి గోడకానుకుని కూర్చుని కాళ్లు చాపింది. ఆపరేషన్ వైపు చెయ్యి ఇంకా సరిగా లేవడం లేదు. అక్క పిల్లను ఆమె ఒళ్లో పడుకోబెట్టింది. అమ్మ వంగి పిల్ల మాడు వాసన చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

ఆ వారం రోజుల్లో మొదటిసారి నాకు ఆకలేసింది. గిన్నెలో మిగిలిన అన్నమంతా పెట్టుకుని తిన్నాను.

చికిత్స పూర్తయింది. అమ్మ కోలుకుంది. కానీ ఆ తర్వాత పిల్ల అమ్మ ఒడి దిగితే ఒట్టు. నెల తిరిగేసరికి అక్క విసుక్కోవడం మొదలుపెట్టింది. “జర నాకియ్యే అమ్మా, పాలన్న తాపనియ్యవా?”