కాక మార్చని బిళ్ళ

మా పక్కింటి కాక పోయారు. ఈ మాట రాసి, మళ్ళీ చదువుకొని, ఇంకా నమ్మలేకపోతున్నాను. మంగళవారం పొద్దున ఆరున్నరకు గోడ మీదుగా పాలకూర కట్ట అందించారు. "వేర్లు కొయ్యకు బిడ్డా. గ్లాసుల నీళ్ళు పోసి నిలవెట్టు, రేపటిదాక బతుకుతది," అన్నారు. ఏడున్నరకు ఆయన భార్య, మా చిన్నమ్మ, కేక వినబడింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి కాక కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు. పక్కన స్టూలు మీద చాయ్ కప్పు ఇంకా వెచ్చగానే ఉంది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఒక్క గంట. నా పాలకూర ఇంకా కడగనే లేదు.

కాక శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ల్యాంప్ రూం మనిషి. ఇది చదివే మీలో చాలామందికి ఆ గది సంగతి తెలియకపోవచ్చు. బాయిలోకి దిగేవాళ్ళు తమ నంబరు బిళ్ళ అక్కడ ఇచ్చి తలదీపం తీసుకుంటారు. పైకి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటారు. బిళ్ళ అక్కడి మేకుకే ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

రిటైరయ్యాక ఆయన వెనక వరండాలో పైపులు అమర్చి, మట్టి లేకుండా, ఎరువు మందు కలిపిన నీళ్ళలో ఆకుకూరలు పెంచారు. వెనకింటి మేడ అడ్డం కాబట్టి అక్కడికి పదకొండు దాటితే ఎండ రాదు. తక్కువపడిన వెలుతురును ఎల్‌ఈడీ ట్యూబులతో నింపేవారు. టైమరు పెట్టుకొమ్మంటే వినలేదు. "మిషినుకు తెలుస్తదా మబ్బు పట్టిందో లేదో?" అనేవారు. గోడకు రెండు మేకులు, ఒక ఇత్తడి బిళ్ళ. లైట్లు వేస్తే బిళ్ళ ఎడమ మేకుకు, ఆర్పితే కుడి మేకుకు. ఒక్కనాడూ తప్పలేదు.

నాకూ ఆయనే నేర్పారు. మొదటిసారి ముసురు పట్టినప్పుడు నా మొక్కలు పాలిపోయి, సన్నగా సాగాయి. వెలుతురు ఎంత పెడితే అంత ఆకు వస్తుందనుకొని, ట్యూబులు తెచ్చి రాత్రింబవళ్ళు ఆర్పకుండా ఉంచాను. కొన్నాళ్ళకు పాలకూర పూతకాడలు వేసింది, లెట్యూస్ ఆకుల అంచులు మాడాయి.

కాక వచ్చి చూసి పకపకా నవ్వారు. "ఏంది బిడ్డా, మూడు షిఫ్టులు ఒక్కలతోనే చేయిస్తున్నవా? యూనియనోళ్ళు నీ ఇంటి ముంగట కూసుంటరు!"

నా మొహం చూసి మళ్ళీ ఆయనే, "వాటికి గూడ డ్యూటీ దిగుడు ఉండాలె. ఎండ, లైటు కలిపి పన్నెండు గంటలు దాటనియ్యకు," అన్నారు.

అప్పటినుంచి ఏ రోజు ఎన్ని గంటల ఎండ, ఎన్ని గంటల లైటు అని నోటుబుక్కులో రాస్తున్నాను. ఆదివారం ఆదివారం కళ్ళద్దాలు తుడుచుకొని అది చూసి, టిక్కు పెట్టేవారు.

మొన్న బుధవారం సాయంత్రం, చిన్నమ్మకు అన్నం పట్టుకెళితే వరండా తెల్లగా మండిపోతోంది. మంగళవారం మబ్బుగా ఉండి కాక ఆరింటికే లైట్లు వేశారు. ఆ తర్వాత వాటిని ఆర్పడం ఎవరికీ గుర్తులేదు. స్విచ్ మీద చెయ్యి వేశాను.

"బందు చెయ్యకు," అంది చిన్నమ్మ. "బిళ్ళ గా ఎడమ మేకుకే ఉన్నది గద. ఆయన ఇంకా పైకి రాలే."

చెయ్యి తీసేసి, అన్నం గిన్నె ఆమె ముందు పెట్టాను.

గురువారం సాయంత్రానికి కొత్తిమీర అంచులు ముడుచుకుంటున్నాయి. ఆయన చేత్తో వేసిన చివరి విత్తనాలవి. నోటుబుక్కు తెచ్చి చిన్నమ్మ పక్కన కూర్చున్నాను.

"చిన్నమ్మా, కాక నాకు పన్నెండు గంటలే అన్నడు. ఇగో, ఆయన టిక్కు. ఇప్పటికి అరవై అయినయి."

ఆమె ఆ టిక్కును వేలితో తడిమింది. "ల్యాంప్ రూంల కూసొని, ఆఖరు మనిషి పైకి వచ్చేదాక ఇంటికి రాకపోయేటోడు," అంది. తర్వాత, "వీటిని గూడ డ్యూటీ దిగనియ్యాలె," అని లేచింది. బిళ్ళ తీసి, కొంగుతో తుడిచి, కుడి మేకుకు తగిలించింది.

నేను స్విచ్ ఆర్పాను. పైపుల్లో నీళ్ళ చప్పుడు మాత్రం మిగిలింది. మసక వెలుతురులో ఆ బిళ్ళ, ఇప్పుడే కాక చెయ్యి తీసినట్టు, ఇంకా ఊగుతోంది.