ఫోనులో తలూపే పిన్నమ్మ

మా పిన్నమ్మ ఫోను చెవికి పెట్టుకుని తలూపేది. చంటిబిడ్డ చచ్చిపోయినాక ఆమెకు నోట మాట రావడం ఆగిపోయింది. నెల్లూరులో ఒక డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, ఆమె కళ్లు చూసుకుంటా ఒక్కో మాటే రాబట్టేది. తిరిగొస్తా ఒకరోజు పిన్నమ్మ బస్సులో "ఆకలవతా ఉండాది మే" అనింది నాతో. ఎంత సంతోషపడినామో!

అంతలో డాక్టరమ్మ మద్రాసుకు మారిపోయింది. పిన్నమ్మ నోరు మళ్లీ మూతబడింది. వారానికోసారి ఫోన్ చెయ్యమనింది. మా ఉదయగిరిలో లైను సరిగా దొరకదని ఆత్మకూరు ఎస్టీడీ బూత్‌కు పోయేవాళ్లం. పిన్నమ్మకు తోడుగా నేనూ లోపల నిలబడేదాన్ని.

"నిద్ర పడుతోందా అమ్మా?" అని డాక్టరమ్మ అడగడం నాకూ వినపడేది. పిన్నమ్మ అడ్డంగా తలూపేది.

"నోటితో చెప్పు పిన్నమ్మా, ఆమెకు కనపడదు" అనేదాన్ని. సరేనన్నట్టు నాకూ తలూపేది. చెంపల మీద నీళ్లు కారిపోతా ఉండేవి.

"ఏడుపు తగ్గినట్టుంది, మంచిదే" అనింది డాక్టరమ్మ ఒకసారి బాబాయితో.

"లేదమ్మా, మీరు కళ్లతో చూడాల" అన్నాడాయన.

మద్రాసుకు పిలుచుకుపోదామనుకుంటుండగానే పిన్నమ్మ అన్నం మానేసి మంచం పట్టింది. బస్సెక్కించేలోపే పోయింది.

దినాలయినాక ఆ కబురు చెప్పాలని నేనొక్కదాన్నే బూత్‌కు పోయినాను. "డాక్టరమ్మా, ఆత్మకూరు నుంచి..." అన్నానో లేదో, అవతల ఆమె గొంతు సంతోషంతో వణికింది.

"నోరు విప్పావా తల్లీ! మాట్లాడమ్మా, వింటున్నా."